ప్రజాభిప్రాయ సేకరణ: తెలుగు నేల మీద విధానాలు, ప్రజలు

ప్రజాభిప్రాయ సేకరణ అనగానే తెలుగు పల్లెల్లో గుర్తొచ్చేది ఒక షామియానా, దాని కింద ప్లాస్టిక్ కుర్చీలు, వేదిక మీద జిల్లా అధికారి, ఆయన పక్కన కాలుష్య నియంత్రణ మండలి ఇంజినీరు, చుట్టూ పోలీసులు. ఫ్యాక్టరీకో గనికో రిజర్వాయరుకో అనుమతి ఇచ్చే ముందు జరిగే తంతు అది. ప్రభుత్వ విధానాల్లో ప్రజల పాత్ర మాత్రం అంతకంటే చాలా పెద్ద విషయం. ఏది సమస్యో తేల్చి చెప్పడం, ముసాయిదా మీద మాట్లాడటం, అమలును తనిఖీ చేయడం, పనికిరాని చట్టాన్ని వెనక్కి పంపడం ఇవన్నీ దాని కిందికే వస్తాయి. గత మూడున్నర దశాబ్దాల్లో తెలుగు రాష్ట్రాల్లో వీటన్నిటికీ ఉదాహరణలు దొరుకుతాయి. కొన్ని దేశానికి నమూనాలయ్యాయి, కొన్ని పోలీసు కాల్పుల దాకా వెళ్లాయి.

చట్టాల లెక్క చూస్తే లోటేమీ కనిపించదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చి గ్రామసభకు రాజ్యాంగంలో చోటిచ్చింది. పర్యావరణ అనుమతులకు బహిరంగ విచారణ 1997లో తప్పనిసరైంది. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. 2013 భూసేకరణ చట్టం ప్రైవేటు ప్రాజెక్టుకైతే భూమి పోతున్నవారిలో 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యానికైతే 70 శాతం మంది సమ్మతి ఉండాలంది. ప్రతి బిల్లు ముసాయిదానూ కనీసం 30 రోజులు జనం ముందు పెట్టాలని కేంద్రం 2014లో తన శాఖలకు చెప్పింది. అది చట్టం కాదు, పాటించాల్సిన పద్ధతి మాత్రమే. అందుకే 2020 జూన్‌లో సాగు చట్టాలు నేరుగా ఆర్డినెన్సులుగా దిగగలిగాయి. ఏడాదికి పైగా సాగిన ఆందోళన తర్వాత, 2021 నవంబరులో, చేసిన పార్లమెంటే వాటిని రద్దు చేసింది. అడగాలన్న నిబంధన ఉండటం వేరు, వచ్చిన జవాబుకు అడిగినవాళ్లు కట్టుబడటం వేరు. తెలుగు రాష్ట్రాల అనుభవాన్ని ఈ తేడా దగ్గర నిలబడి చూస్తేనే అర్థమవుతుంది.

ప్రభుత్వం అడగకుండానే జనం విధానం చేసిన సందర్భం నెల్లూరు జిల్లాది. 1990ల మొదట్లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. సాయంత్రం పూట బడికి వచ్చిన కూలి ఆడవాళ్లు వాచకంలోని పాఠాల మీద మాట్లాడుకుంటూ తమ ఇళ్లలోని సారా గొడవ దగ్గరికి వచ్చారు. అప్పటికి ప్రభుత్వమే ‘వారుణి వాహిని’ పేరుతో సారాను ప్యాకెట్లలో ఊరూరికీ చేరవేస్తోంది. మగవాళ్ల కూలి డబ్బు ఇంటికి చేరకముందే దుకాణంలో ఆగిపోయేది. కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, తోటి మహిళలు ఊళ్లోకి సారా రాకుండా అడ్డుకున్నారు. ఆ సంగతే తర్వాత చదువుల వాచకంలో పాఠమై పక్క ఊళ్లకు చేరింది. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. ప్రభుత్వం 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. 1994 డిసెంబరులో ఎన్.టి.రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజునే మద్య నిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం అమల్లోకి వచ్చింది.

రెండేళ్లు తిరిగేసరికి అది సడలిపోయింది. 1997లో నిషేధాన్ని ఎత్తివేసిన ప్రభుత్వం చూపిన ప్రధాన కారణం ఖజానా. పక్క రాష్ట్రాల నుంచి వచ్చే దొంగ మద్యాన్ని ఆపలేకపోవడం మరొకటి. సారా వద్దన్న ఆడవాళ్లను, మద్యం తిరిగి తెరిచేటప్పుడు ఎవరూ ఊరూరా తిరిగి అడగలేదు. విభజన తర్వాతి ఆంధ్రప్రదేశ్‌లోనూ ఈ ఊగిసలాట ఆగలేదు. దశలవారీ నిషేధం హామీతో 2019 అక్టోబరులో దుకాణాలు ప్రభుత్వం చేతికి వచ్చాయి. 2024 అక్టోబరులో లాటరీ తీసి మళ్లీ ప్రైవేటు వాళ్లకు ఇచ్చారు. నెల్లూరు ఉద్యమం మిగిల్చిన గట్టి ఫలితం నిషేధం కంటే పొదుపు సంఘాలేనేమో. రోజుకో రూపాయి దాచుకుందామని మొదలైన ఆ సంఘాలు డ్వాక్రా పేరుతో రాష్ట్రమంతా పాకి, ఆ తర్వాత ప్రతి ప్రభుత్వమూ పట్టించుకోక తప్పని వర్గాన్ని తయారుచేశాయి.

దీనికి పూర్తిగా ఎదురు దిక్కు నుంచి వచ్చింది ‘విజన్ 2020’. అంతర్జాతీయ సలహా సంస్థ మెకిన్సే సాయంతో తయారైన ఆ పత్రాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1999లో విడుదల చేసింది. భూమి మీద ఆధారపడే జనాన్ని 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించడం దాని లక్ష్యాల్లో ఒకటి. 2001లో అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్ దగ్గర అల్గోల్ గ్రామంలో ‘ప్రజాతీర్పు’ పేరుతో ఒక ప్రయోగం జరిగింది. చిన్న, సన్నకారు రైతులతో, అందులోనూ ఎక్కువగా మహిళలతో జ్యూరీని కూర్చోబెట్టారు. రాష్ట్ర భవిష్యత్తుకు మూడు దారులను వీడియోల్లో చూపించారు. ప్రభుత్వ అధికారులు, విత్తన కంపెనీల వాళ్లు, విశ్వవిద్యాలయ నిపుణులు వచ్చి సాక్ష్యం చెప్పారు, జ్యూరీ ప్రశ్నలు వేసింది. విశ్రాంత సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఆధ్వర్యంలో ఒక బృందం అంతా సవ్యంగా జరుగుతోందా లేదా అని చూసింది. భూమి మీద బతికేవాళ్ల సంఖ్యను అలా తగ్గించడాన్ని, జన్యుమార్పిడి పంటలను, కాంట్రాక్టు సేద్యాన్ని జ్యూరీ వద్దంది. ఊరి సంఘాల చేతిలో ఉండే వ్యవసాయం, సొంత విత్తనం కావాలంది.

ఇది ముందే జవాబు తెలిసినవాళ్లు పెట్టిన పరీక్ష అని విమర్శకులన్నారు. నిర్వాహక సంస్థల్లో కొన్నింటి అభిప్రాయాలు అప్పటికే అందరికీ తెలుసు కాబట్టి ఆ మాటను కొట్టిపారేయలేం. అయితే విజన్ పత్రం తయారైనప్పుడు ఇంత మంది సన్నకారు రైతులను ఎవరైనా కూర్చోబెట్టి ఇంత ఓపిగ్గా విన్నారా అన్న ఎదురు ప్రశ్నకూ సమాధానం రాలేదు. విజన్ పత్రంలోని పథకాలకు బ్రిటన్ ప్రభుత్వం సాయమిస్తూ ఉండటంతో ఈ తీర్పు మీద అక్కడ కూడా పెద్ద చర్చే నడిచింది. తీర్పుకు చట్టబద్ధత లేదు గనుక ఇక్కడ ఫైలు ఒక్కటీ కదలలేదు.

చట్టబద్ధత ఉన్న చోట ఏం జరుగుతుందో చూడాలంటే పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ దగ్గరికి రావాలి. 2006 సెప్టెంబరు 14 నోటిఫికేషన్ దీనికి పద్ధతి రాసింది. సభకు కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా దినపత్రికలో ప్రకటన వేయాలి. కలెక్టరో, అదనపు కలెక్టరు స్థాయికి తగ్గని అధికారో అధ్యక్షత వహించాలి. సభను మొదటి నుంచి చివరి దాకా వీడియో తీయాలి. చివర్లో, జనం లేవనెత్తిన అంశాలను స్థానిక భాషలో పైకి చదివి వినిపించాలి. ఇన్ని జాగ్రత్తలు రాసినవాళ్లు రెండు విషయాలు వదిలేశారు. సభకు ఇంత మంది రావాలన్న కోరం లేదు. వచ్చినవాళ్లంతా వద్దన్నా ప్రాజెక్టు ఆగాలన్న నియమం లేదు. మినిట్స్ ఢిల్లీకో రాష్ట్ర రాజధానికో వెళ్తాయి, అక్కడి నిపుణుల కమిటీ చూస్తుంది. ప్రభావ అంచనా నివేదిక వందల పేజీలు ఇంగ్లీషులో ఉంటుంది, తెలుగులో ఇవ్వాల్సింది దాని సారాంశమే. భూగర్భ జలం ఎంత లోతున ఉంది, బూడిద చెరువు ఎక్కడ వస్తుంది, గాలి ఏ దిక్కుకు వీస్తుంది అన్న పట్టికలన్నీ ఇంగ్లీషు సంపుటంలోనే ఉండిపోతాయి. మైకు దొరికిన రైతుకు రెండు మూడు నిమిషాల్లో వాటికి జవాబు చెప్పే వీలెక్కడిది? అందుకే ఇలాంటి సభల్లో కొందరు ఉద్యోగాలిస్తారా అని అడుగుతారు, కొందరు నినాదాలు చేస్తారు. మధ్యలో ఉండాల్సిన చర్చ జరగదు.

శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గరి బీల విషయంలో ఇదంతా ఒకేచోట బయటపడింది. బీల అంటే చిత్తడి నేల. వానాకాలం నీరు నిలిచి, ఆ నీటి మీద వరి, చేపలు, పశువుల మేత ఆధారపడి ఉంటాయి. థర్మల్ విద్యుత్ కేంద్రానికి కేటాయించే నాటికి కాగితాల మీద అది పనికిరాని భూమి. చుట్టూ ఉన్న ఊళ్ల రైతులు, మత్స్యకారులు నెలల తరబడి దీక్షలు చేశారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. చిత్తడి నేలన్న సంగతిని అనుమతి ఇచ్చినవాళ్లు సరిగా చూడలేదన్నది అందులోని ముఖ్యాంశం. అక్కడి పశువుల కాపరిని అడిగినా చెప్పే మాటే అది. సరిగ్గా ఏడున్నర నెలలకు అదే జిల్లాలో కాకరాపల్లి దగ్గర మరో థర్మల్ కేంద్రం విషయంలో కాల్పులు జరిగి మళ్లీ మనుషులు చనిపోయారు. తెలంగాణలోనూ 2024 నవంబరులో వికారాబాద్ జిల్లా లగచర్లలో భూసేకరణ మీద అభిప్రాయాలు వినడానికి వెళ్లిన కలెక్టరు మీద దాడి జరిగింది. అరెస్టులూ జరిగాయి. ఆ నెలాఖరుకల్లా ప్రభుత్వం ఆ నోటిఫికేషన్‌ను వెనక్కి తీసుకుంది.

మన్యంలో కథ కొంత వేరు. గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండా చూసే 1/70 చట్టం అక్కడ ప్రతి ఇంటికీ తెలిసిన అంకె. అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి ప్రాంతంలో ప్రైవేటు గనుల లీజుల మీద ‘సమత’ అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1997 జులైలో తీర్పిచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతరుల కిందికే వస్తుంది, తన భూమినైనా సరే ప్రైవేటు గనులకు లీజుకు ఇవ్వకూడదు అన్నది దాని సారం. గ్రామసభకు అధికారాలిచ్చే పెసా చట్టం అంతకుముందే 1996 డిసెంబరులో వచ్చింది. దానికి ఆంధ్రప్రదేశ్ నిబంధనలు రాసుకున్నది 2011లో. చట్టానికీ నిబంధనలకూ మధ్య పద్నాలుగేళ్లకు పైగా గడిస్తే, ఆ కాలమంతా గ్రామసభ తీర్మానాన్ని ఏ అధికారి అయినా పక్కన పెట్టగలడు.

సరిహద్దుకు అవతల, ఒడిశా నియమగిరిలో, గ్రామసభ మాటకు బలం ఉంటే ఎలా ఉంటుందో కనిపించింది. 2013 ఏప్రిల్ 18 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం డోంగ్రియా కోందుల ఊళ్లలో పన్నెండు గ్రామసభలు నిర్వహించారు. పన్నెండూ బాక్సైట్ గని వద్దన్నాయి. గని రాలేదు. సోంపేటలో ఇదే ప్రశ్నను ఇలాగే అడిగి ఉంటే అన్న ఆలోచన రాకమానదు.

నిర్ణయం దగ్గర కాకుండా అమలు దగ్గర జనాన్ని కూర్చోబెట్టిన ప్రయోగం సామాజిక తనిఖీ. దీని పుట్టిల్లు రాజస్థాన్. అరుణా రాయ్ తదితరులు పెట్టిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 నుంచి ఊరి పనుల బిల్లులను నడివీధిలో చదివి వినిపించడం మొదలుపెట్టింది. దాన్ని ప్రభుత్వ వ్యవస్థలో భాగం చేసింది మాత్రం ఆంధ్రప్రదేశ్. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది, ఆ ఏడాదే రాష్ట్రంలో తనిఖీలూ మొదలయ్యాయి. 2009లో వీటి కోసం ప్రత్యేకంగా ఒక సొసైటీని ఏర్పాటు చేశారు. పనులు చేయించే శాఖ సిబ్బంది తమను తామే తనిఖీ చేసుకోకుండా ఉండేందుకు ఈ ఏర్పాటు.

తనిఖీ తీరు ఇలా ఉంటుంది. మండలానికి వచ్చిన బృందం ముందు మస్టరు రోళ్లు, కొలతల పుస్తకాలు, చెల్లింపుల వివరాలు తీసుకుంటుంది. కూలీల కుటుంబాల నుంచే చదువుకున్న యువతీ యువకులను ఎంపిక చేసి రెండు మూడు రోజులు శిక్షణ ఇస్తారు. వాళ్లు పల్లెలోనే ఉంటూ ఇల్లిల్లూ తిరుగుతారు. ‘నీ పేరు మీద ఫలానా వారం ఆరు రోజుల కూలి రాశారు, నీకెంత ముట్టింది?’ అని అడుగుతారు. మస్టరులో చనిపోయినవాళ్లు పనిచేసి ఉంటారు, ఊరు విడిచి వలస పోయినవాళ్లు చెరువులో పూడిక తీసి ఉంటారు. టేపు పట్టుకుని కందకం పొడవు, లోతు కొలిచి పుస్తకంలోని అంకెతో పోల్చి చూస్తారు. ఊళ్లో గ్రామసభ అయ్యాక మండల కేంద్రంలో ప్రజావేదిక జరుగుతుంది. ఊరి పేరు పిలిచి, తేలిన సంగతులు మైకులో చదువుతారు. ఫీల్డ్ అసిస్టెంటు, టెక్నికల్ అసిస్టెంటు అందరి ముందూ జవాబు చెప్పాలి. అధికారి అక్కడికక్కడే రికవరీకో, సస్పెన్షనుకో ఆదేశిస్తాడు. తన పేరును మైకులో విన్న కూలి మనిషి లేచి నిలబడి ‘నాకు రాలేదు’ అనడం, ఆ మాట రికార్డుకెక్కడం మండలాఫీసుల చరిత్రలో చిన్న విషయం కాదు.

లోపాలూ అంతే స్పష్టంగా కనిపించాయి. తేలిన సొమ్ములో వసూలైనది కొద్ది భాగమే. శిక్షపడింది ఎక్కువగా చిరుద్యోగి ఫీల్డ్ అసిస్టెంటుకు, పైస్థాయి ఇంజినీర్లు తేలిగ్గా బయటపడ్డారు. ఆంధ్రప్రదేశ్ తనిఖీ నివేదికలను వరుసగా చదివిన పరిశోధకులకు మరో సంగతి కనిపించింది. కూలీలు చూసి పట్టుకోగల దొంగ మస్టర్ల నుంచి, వాళ్లకు అంతుపట్టని సామగ్రి బిల్లుల వైపు అవినీతి మళ్లింది. అయినా, జనం దగ్గరికి కాగితం తీసుకెళ్లి వాళ్ల భాషలో చదివి వినిపించిన ఏర్పాటు తెలుగు రాష్ట్రాల్లో ఇంత విస్తృతంగా మరొకటి లేదు.

భాష మాట వచ్చింది గనుక 2020 నాటి వ్యవహారం చెప్పుకోవాలి. పర్యావరణ ప్రభావ అంచనాకు కొత్త ముసాయిదాను కేంద్రం ఆ ఏడాది మార్చిలో విడుదల చేసింది. బహిరంగ విచారణకు ముందు ఇచ్చే గడువును 30 రోజుల నుంచి 20 రోజులకు కుదించడం అందులోని ఒక ప్రతిపాదన. దేశమంతా లాక్‌డౌన్‌లో ఉండగా ముసాయిదా ఇంగ్లీషు, హిందీల్లో మాత్రమే ఉంది. ఢిల్లీ హైకోర్టు జూన్ 30న గడువును ఆగస్టు 11 దాకా పొడిగించి, ఎనిమిదో షెడ్యూలులోని భాషలన్నింటిలోకీ దాన్ని అనువదించమంది. ఈ–మెయిళ్లలో లక్షల అభ్యంతరాలు వచ్చిపడ్డాయి. అంతకు పదేళ్ల ముందు, 2010లో, బీటీ వంకాయ మీద అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేష్ హైదరాబాదు సహా ఏడు నగరాల్లో సభలు పెట్టి, కేకల మధ్య కూర్చుని విని, ఫిబ్రవరి 9న తాత్కాలిక నిలుపుదల ప్రకటించారు. ఆ నిర్ణయాన్ని శాస్త్రవేత్తల్లో చాలామంది తప్పుపట్టారు. విన్న మంత్రి, కారణాలు రాసి సంతకం చేసిన మంత్రి ఒకరే కావడం మాత్రం అరుదైన సంగతి.

సమాజం మారే వేగం విధానాలకు మరో చిక్కు. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదంది. అప్పట్లో రాష్ట్రంలో ఒక్కో మహిళకు సగటున 2.6 మంది పిల్లలు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 1.7కు, తెలంగాణలో 1.8కి పడిపోయింది. జనాభా నిలకడగా ఉండటానికి కావాల్సిన 2.1 కంటే ఇది తక్కువ. అయినా ఆంధ్రప్రదేశ్ ఆ నిబంధనను ఎత్తేసింది 2024 నవంబరులో. ఈ ముప్పై ఏళ్లలో పోటీకి అనర్హులైనవాళ్లలో పేదలు, దళితులు, గిరిజనులు ఎందరో ఉన్నారు. పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ ఊళ్లలో చర్చ జరగలేదు. ఇప్పుడు జనాభా పెంచాలన్న మాటలు కూడా వేదికల మీద నుంచే వినిపిస్తున్నాయి. పిల్లల్ని కని పెంచేవాళ్ల ఉద్యోగాలు, ఫీజులు, అద్దెల గురించి అడిగినవాళ్లు తక్కువ.

లెక్కలే పాతబడితే విధానం ఎవరి కోసం రాస్తున్నారో తెలియదు. చివరి జనగణన 2011 నాటిది, తర్వాతిదానికి నిర్ణయించిన తేదీ 2027 మార్చి 1. ఈ మధ్యలో రాష్ట్రం రెండయింది, తెలంగాణలో 10 జిల్లాలు 33 అయ్యాయి, ఆంధ్రలో 13 జిల్లాలు 2022లో 26 అయ్యాయి. జిల్లాల విషయంలో మాత్రం జనం మాట నెగ్గిన ఉదాహరణ ఉంది. 2016 ఆగస్టులో తెలంగాణ ముసాయిదా 27 జిల్లాలను ప్రతిపాదించింది. గద్వాల, జనగామ, సిరిసిల్లల్లో ఆందోళనలు, అభ్యంతరాల తర్వాత దసరా నాటికి అవి 31 అయ్యాయి. మరో రెండేళ్లకు పైగా గడిచాక ములుగు, నారాయణపేట చేరాయి.

అమరావతిలో ప్రజల భాగస్వామ్యం ఒప్పంద పత్రాల రూపం తీసుకుంది. 2015లో రాజధాని కోసం భూసమీకరణ కింద రైతులు సుమారు 33 వేల ఎకరాలు ఇచ్చారు. నీటి వసతి ఉన్న జరీబు భూమికి ఏటా ఎకరాకు 50 వేలు, మెట్టకు 30 వేలు కౌలు, ఆ పైన అభివృద్ధి చేసిన స్థలం ఇవ్వాలని ఒప్పందం. మాట్లాడింది భూమి యజమానులతో. ఆ పొలాల్లో కూలికి వెళ్లిన కుటుంబాలకు దక్కింది నెలకు 2,500 పింఛను. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటన వచ్చేసరికి ఒప్పందం మీద సంతకం చేసినవాళ్లే రోడ్డెక్కారు. 2022 మార్చి 3న హైకోర్టు రైతుల పక్షాన తీర్పిచ్చింది, 2024లో ప్రభుత్వం మారాక పనులు మళ్లీ మొదలయ్యాయి. ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందం ఆయుష్షు ఎన్నికల దాకేనా అన్న అనుమానం ఇకపై భూమి అడిగే ప్రతిచోటా ఎదురవుతుంది.

భూమి రికార్డుల దగ్గర రెండు రాష్ట్రాలూ దెబ్బ తిన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో భూ యాజమాన్య హక్కుల చట్టం 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చింది. హక్కుకు ప్రభుత్వమే హామీ ఇవ్వడమన్న ఆలోచన కొత్తది కాదు, నీతి ఆయోగ్ నమూనా చట్టం అప్పటికే ఉంది. దాన్ని రైతుకు విడమరిచి చెప్పిన సభలు జరగలేదు. వివాదం వస్తే సివిల్ కోర్టుకు వెళ్లే దారి మూసుకుపోతుందంటూ న్యాయవాదులు కోర్టులు బహిష్కరించారు. పాసుపుస్తకం మీద ముఖ్యమంత్రి ఫొటో ఉండటం అనుమానాన్ని పెంచింది. 2024 ఎన్నికల ప్రచారంలో అది ‘మీ భూమి మీది కాదట’ అన్న మాటగా ఊళ్లు చుట్టింది. జులైలో కొత్త శాసనసభ ఆ చట్టాన్ని రద్దు చేసింది.

తెలంగాణలో ధరణి పోర్టల్ 2020 అక్టోబరు 29న మొదలైంది. వీఆర్వో వ్యవస్థ అంతకు ముందు నెలలోనే పోయింది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకేసారి అయిపోవడం తేడాలేమీ లేని పట్టాదారుకు నిజంగానే సుఖం. తండ్రి పేరు తప్పుపడ్డవాళ్లు, విస్తీర్ణం తగ్గినవాళ్లు, భూమి నిషేధిత జాబితాలోకి ఎక్కినవాళ్లు మాత్రం మీసేవ కేంద్రాల ముందు టీఎం–33 దరఖాస్తుతో నిలబడ్డారు. తహసీల్దారు చేతిలో అధికారం లేదు, పైకి అప్పీలు లేదు, మిగిలింది కోర్టు. ధరణి స్థానంలో వచ్చిన భూభారతి చట్టం ముసాయిదాను 2024 ఆగస్టులో జనం ముందు పెట్టి సూచనలు అడిగారు, డిసెంబరులో శాసనసభ ఆమోదించింది. 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చింది. అప్పీలు వ్యవస్థ తిరిగి వచ్చింది, ఊళ్లలో రెవెన్యూ సదస్సులు పెట్టి దరఖాస్తులు తీసుకున్నారు.

ఆ సదస్సులకు వచ్చినవాళ్లలో సాదాబైనామా రైతులు ఉన్నారు. ఎప్పుడో తెల్లకాగితం మీద పొలం కొని, దున్నుకుంటూ, పట్టా లేక రైతుబంధుకూ బ్యాంకు అప్పుకూ నోచుకోనివాళ్లు. 2020 అక్టోబరులో ప్రభుత్వమే వాళ్లను దరఖాస్తు చేసుకోమంది. సుమారు 9 లక్షల మంది చేసుకున్నారు. ఆ కాగితాలను క్రమబద్ధం చేసే సెక్షన్ 1971 నాటి పాత చట్టంలో ఉంది. దరఖాస్తుల గడువు నడుస్తుండగానే ఆ చట్టం స్థానంలో వచ్చిన కొత్త చట్టంలో అది లేదు. హైకోర్టు నవంబరులో ప్రక్రియను ఆపింది. భూభారతిలో ఆ వీలు మళ్లీ పెట్టాక, 2025 ఆగస్టులో స్టే తొలగింది. అప్పటికి అయిదేళ్ల కిందట మీసేవలో ఇచ్చిన దరఖాస్తులు తహసీల్దారు కార్యాలయాల్లో విచారణకు వచ్చాయి. ఈలోగా కొందరు కొన్నవాళ్లు పోయారు, కొందరు అమ్మినవాళ్లు పోయారు. మిగిలిన వారసులకు నోటీసులు ఇచ్చే పని మొదలైంది.